ఐసు ఎవరి చేపకి? గంజాం తీరంలో మహిమహి కేసు

మహిమహి అనే సముద్రపు చేప తిని మనుషులు ఎందుకు జబ్బుపడుతున్నారో, దాన్ని ఎలా ఆపాలో తేల్చే ఈ కేసులో నేను మూడుసార్లు తప్పు దారి పట్టాను. మొదటిసారే సరిగ్గా పట్టుకుని ఉంటే రాయాల్సింది ఏమీ ఉండేది కాదు. పల్లె పేరు, మనుషుల పేర్లు, కొన్న వ్యాపారి వివరాలు తీసేశాను. చేప, పరీక్షలు, జరిగిన వరస మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నేపథ్యం

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్ళాక గంజాం తీరం పొడుగునా తెలుగు మత్స్యకార పల్లెలు ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ. ఒడియావాళ్ళు వీళ్ళని నోళియాలు అంటారు. చుట్టరికాలు సగం శ్రీకాకుళం జిల్లాలో, సగం బరంపురం చుట్టుపక్కల.

నేను పనిచేసిన పల్లెలో జెట్టీ లేదు. ఫైబర్ బోటుని కెరటాల మీద నుంచి దాటించి ఇసకలోకి లాగాల్సిందే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను తర్వాత చాలామంది అప్పు చేసి ఇంజన్లూ వలలూ కొత్తగా కొనుక్కున్నారు. వాళ్ళ లక్ష్యం కోనాం (వంజరం), దాని వెనక తూర (ట్యూనా). మధ్యాహ్నం మూడింటికి బయలుదేరి చీకటి పడే వేళకి వల దించుతారు, తెల్లవారుజామున నాలుగింటికి లాగుతారు, ఎనిమిది తొమ్మిది గంటలకి ఒడ్డుకి వస్తారు. రుషికుల్యా ముఖద్వారం దగ్గర తాబేళ్ళ కోసం నవంబర్ 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా వేట నిషేధం. ఆ నెలల్లో ఆ గీత దాటి వెళ్ళాలి కాబట్టి తిరుగు ప్రయాణం ఇంకా పొడుగు. ఈ గంటల లెక్క గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు, అదే నా మొదటి తప్పు.

కోనాం వలలోనే వేరే చేపలూ పడతాయి. వాటిలో ఒకటి మహిమహి, శాస్త్రీయ నామం కోరిఫీనా హిప్పురస్. నీళ్ళలో బంగారం, పచ్చ, నీలం కలిసి మెరుస్తుంది. చచ్చిన కొద్ది నిమిషాలకే ఆ రంగంతా పోయి బూడిద రంగుకి తిరుగుతుంది. మగ చేపకి నుదురు గోడలా నిటారుగా ఉంటుంది. కొట్టుకొచ్చిన దుంగలు, తెగిన వల ముక్కలు, థర్మకోల్ పెట్టెలు, ఏది తేలుతున్నా దాని నీడలో గుంపు కడుతుంది. చాలా వేగంగా పెరుగుతుంది, పుట్టిన ఏడాదిలోపే గుడ్లు పెడుతుంది, నాలుగైదేళ్ళకి మించి బతకదు. చాలా దేశాల్లో ఇది ఖరీదైన హోటల్ చేప. ఆ పల్లెలో దీని పేరు అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. బేరం లేని చేపకి పేరు ఎందుకు నిలుస్తుంది!

పిలుపు

ఆ పల్లె మత్స్యకార సంఘం పెద్ద ఫోన్ చేసి చెప్పిన మాట ఇది: "మహిమహి కొంటామని విశాఖ నుంచి ఒక వ్యాపారి వచ్చినాడు బాబూ. మావోళ్ళేమో అది నంజు సేప అంటన్నారు. నువ్వొచ్చి తేల్చు."

నంజు అనే మాటకి మన ఇళ్ళలో ఉన్న బరువు తెలిసిందే. పుండు మానదని, బాలింత తినకూడదని, చర్మం పాడవుతుందని. ఒక చేపకి ఒకసారి నంజు అని పేరు వస్తే దాన్ని తుడవడం ల్యాబ్ రిపోర్టు వల్ల కాదు. అయినా ఆ మాట ఊరికే పుట్టదు కాబట్టి ముందు ఏం జరిగిందో అడిగాను.

ఒక ఇంట్లో చుట్టాలు వచ్చినప్పుడు రెండు మహిమహి చేపలు కోసి వేపుడు చేశారు. తిన్నవాళ్ళు ఏడుగురు. గంటలోపే నలుగురికి ముఖం ఎర్రబారింది, తలనొప్పి, ఒళ్ళంతా దద్దుర్లు, గుండె దడ. ఒకావిడ "నోట్లో మిరియం కొరికినట్టుంది" అంది. సాయంత్రానికి అందరూ మామూలైపోయారు. డాక్టర్ ఎలర్జీ అని మాత్రలిచ్చి పంపాడు. ఇలాంటిదే ఇంకో రెండు ఇళ్ళలో ముందు ఏడాది జరిగిందట.

ఎలర్జీ ఒకే పూట నలుగురికి రాదు. అదే నలుగురు ముందెప్పుడో ఈ చేప తిని బాగానే ఉన్నారు. బాక్టీరియా వల్ల వచ్చే మామూలు ఫుడ్ పాయిజనింగ్ అయితే ఇంత త్వరగా మొదలై ఇంత త్వరగా తగ్గడం కష్టం, వాంతులు విరేచనాలు ముందుంటాయి. చేపలోనే సహజంగా విషం ఉంటే మిగతా ముగ్గురు ఎలా తప్పించుకున్నారు? వేపుడు కాబట్టి ముక్కలు విడివిడి. రెండు చేపల్లో ఒకటే చెడ్డదై ఉంటే లెక్క సరిపోతుంది.

నా అనుమానం హిస్టమిన్ అనే పదార్థం మీదకి వెళ్ళింది. తిండిలో అది ఎక్కువైతే అచ్చం ఎలర్జీలాంటి లక్షణాలే వస్తాయి. తూర, కానాగంతలు, మహిమహి లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప చచ్చాక వేడిలో ఉంటే మొప్పల్లో, పేగుల్లో ఉండే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. వాసన రాకముందే ఇది జరిగిపోవచ్చు, అందుకే చేతికి తాజాగా కనిపించిన చేప కూడా మోసం చేస్తుంది. ఒకసారి పుట్టాక ఉడికించినా, వేయించినా, గడ్డకట్టించినా పోదు.

ఇంకో ఆధారం కూడా దొరికింది. కోనాంలోనూ ఈ ప్రమాదం ఉంది. అదే బోటు, అదే వల, కానీ కోనాం తిని ఎవరికీ ఏమీ కాలేదు. తేడా ఒక్కటే. కోనాం వల లాగగానే ఐసు పెట్టెలోకి పోతుంది. మహిమహి బోటు ముందు భాగంలో టార్పాలిన్ కింద ఎండలో ఒడ్డుకి వస్తుంది.

కాబట్టి ఐసు పెడితే సరి, అనుకున్నాను.

మొదటి ప్రయత్నం: ఒడ్డున ఐసు

బోటులో చోటు తక్కువ, పెట్టె బరువైతే కెరటాలు దాటేటప్పుడు ప్రమాదం అని బోటు మీద పనిచేసే కలాసీలు చెప్పారు. నాకూ సబబే అనిపించింది. సంఘం డబ్బుతో ఒడ్డునే రెండు పెద్ద పెట్టెలు పెట్టి, చేప దిగిన నిమిషంలో ఐసులోకి వేయించాం. మూడు చేపల నుంచి ముక్కలు తీసి, గడ్డకట్టించి విశాఖ ల్యాబ్‌కి పంపాను. మూడూ బాగున్నాయి. నేను సంఘం పెద్దకి ఫోన్ చేసి సంబరంగా చెప్పాను కూడా.

రెండు వారాల తర్వాత వ్యాపారి తన ఖర్చుతో పరీక్ష చేయించుకుని లోడు వెనక్కి పంపాడు.

మన ఆహార భద్రతా ప్రమాణం ప్రకారం ఒక లోడు నుంచి తొమ్మిది నమూనాలు తీయాలి. వాటిలో కిలోకి 100 నుంచి 200 మిల్లీగ్రాముల మధ్య హిస్టమిన్ ఉన్నవి రెండుకి మించకూడదు, 200 దాటింది ఒక్కటీ ఉండకూడదు. తొమ్మిదే ఎందుకంటే హిస్టమిన్ లోడంతా సమానంగా పరుచుకోదు. ఒక చేపలో ఏమీ ఉండదు, పక్క చేపలో ప్రమాణానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఈ సంగతి చదువుకున్నవాణ్ణే. డబ్బు ఆదా చేద్దామని మూడుతో సరిపెట్టాను.

అంతకంటే సిగ్గుపడే విషయం ఇంకోటి ఉంది. ఆ మూడు చేపలు ఎలా పట్టినవి అని నేను అడగలేదు. తర్వాత తెలిసింది, సారుకి పరీక్షకి కావాలంటే మంచివి ఇవ్వాలి కదా అని గాలం చేపలు ఇచ్చారు. తిరిగొచ్చేటప్పుడు బోటు వెనక గాలం వదిలితే పడిన చేపలు అవి. ఒడ్డుకి వచ్చేసరికి చచ్చి గంట కూడా కాలేదు. వల చేప సంగతి వేరు. రాత్రి ఏడింటికి వలలో చిక్కి చచ్చిన చేప పొద్దున్న తొమ్మిదింటికి ఒడ్డు చేరుతుంది. పద్నాలుగు గంటలు. నీరు 28 డిగ్రీలు దాటిన చోట చేప చచ్చిన ఆరు గంటల్లోపు ఐసులో ఉండాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్గదర్శకాలు చెబుతాయి, మన బంగాళాఖాతానికి ఏడాదిలో చాలా నెలలు అదే వర్తిస్తుంది. ఒడ్డున ఐసు పెట్టడం అంటే జరిగిపోయినదాన్ని జాగ్రత్త చేయడం. పైగా బాక్టీరియా వదిలిన ఎంజైమ్ చల్లదనంలోనూ మెల్లగా పని చేస్తూనే ఉంటుంది.

వాపసు వచ్చిన చేపని ఉప్పేసి ఎండబెడదామని ఆడవాళ్ళు అన్నారు. వద్దన్నాను. ఎండితే నీరు పోతుంది గానీ హిస్టమిన్ పోదు, కిలో లెక్కన ఇంకా చిక్కబడుతుంది. ఆ రోజు గుంత తీసి పూడ్పించాం. ఎండు చేప మీద బతికే ఆడవాళ్ళ ముందు చేప పూడ్చడం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఒకావిడ నాతో వారం రోజులు మాట్లాడలేదు.

రెండోసారి: బోటు మీద ఐసు

సరే, ఐసు సముద్రంలోకే వెళ్ళాలి. రెండు బోట్ల ఓనర్లు ఒప్పుకున్నారు. అదనంగా ఐసు దిమ్మలు కొట్టించి ఇచ్చాం. ఐసులో సముద్రపు నీళ్ళు కలిపి జావలా చేసుకుంటే చేప చుట్టూ ఖాళీ లేకుండా తగులుతుంది, ఉత్త ఐసు కంటే త్వరగా చల్లబడుతుంది. మహిమహి శరీరం తూరలా గుండ్రం కాదు, పక్కలకి నొక్కినట్టు పలచన, కాబట్టి ఇంకా సులువు. వెన్నెముక దగ్గర గుచ్చి చూసే థర్మామీటర్ ఇచ్చి, 4 డిగ్రీలకి దిగాలి అని చూపించాను. ఐసులో వేసేముందు మొప్పలు తీసేయమన్నాను. దాన్ని చూసి ఒక ముసలాయన, "సేపకి జొరం సూస్తావేటి బాబూ?" అని నవ్వాడు.

నాలుగు రోజుల తర్వాత ఒడ్డున నిలబడి పెట్టె తెరిచి చూస్తే కోనాం ఐసులో మునిగి ఉంది, అదనపు ఐసంతా దాని మీదే ఉంది. మహిమహి మాత్రం ఎప్పటిలాగే టార్పాలిన్ కింద.

నాకు కోపం వచ్చింది. నిర్లక్ష్యం అనుకున్నాను, మళ్ళీ శిక్షణ పెడదామనుకున్నాను. ఛార్టు కూడా గీయించాను. ఇది నా మూడో తప్పు. వాళ్ళకి విషయం అర్థం కాకపోవడం కాదు. నేను చెప్పింది తు.చ. తప్పకుండా తిరిగి అప్పజెప్పారు.

ఆ సాయంత్రం వల బాగుచేస్తున్న ఒక కలాసీ పక్కన కూర్చుని ఊరికే మాట్లాడుతుంటే అసలు సంగతి బయటపడింది. కోనాం, తూర అమ్మిన డబ్బు బోటు లెక్కలోకి పోతుంది. ఖర్చులు తీశాక బోటుకి, వలకి, మనుషులకి వాటాలు పడతాయి. చిల్లర చేపలు మాత్రం లెక్కలోకి రావు. కలాసీలు కూరకి తీసుకుంటారు, మిగిలింది వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు బుట్టలో పెట్టుకుని ఊళ్ళలో "మాఛొ, మాఛొ" (ఒడియాలో చేప) అని అమ్ముకుంటారు. మహిమహి ఇన్నాళ్ళూ ఆ చిల్లరలోనే ఉంది. విశాఖ వ్యాపారి ధర చెప్పిన రోజు నుంచి ఓనర్లు దాన్ని బోటు లెక్కలోకి లాగేశారు. ఎవరూ పెద్ద చర్చ పెట్టలేదు, నేనూ అడగలేదు.

"ఐసు ఓనరుది, సేప ఓనరుది, రాత్రి లేసి మొప్పలు తియ్యడానికి సెయ్యి మాత్రం నాదేటి?" అన్నాడతను.

నేను ఉష్ణోగ్రత కొలుస్తున్నాను. వాళ్ళు వాటా కొలుస్తున్నారు. ఇద్దరి లెక్కా సరైనదే, కలిసే చోటు మాత్రం లేదు.

పనిచేసింది

సంఘం ఇంట్లో మూడు సాయంత్రాలు కూర్చున్నాం. ఓనర్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు: ఇంజన్ అప్పు వాళ్ళ పేరున ఉంది, ఐసు ఖర్చు వాళ్ళది. చివరికి కుదిరింది ఇది. మహిమహికి వేరే చిట్టా. అమ్మిన డబ్బులోంచి ముందు ఆ చేపకి వాడిన ఐసు ఖర్చు తీస్తారు. మిగిలింది ఆ రోజు బోటు ఎక్కిన మనుషుల లెక్కన సమానంగా పంచి, ఓనరుకి ఒక మనిషి వాటా అదనంగా ఇస్తారు. వలకి వాటా లేదు. ఐసు ఖర్చు ముందు తీయాలని పట్టుబట్టింది నేనే, ఎందుకంటే ఐసు ఎవరి జేబులోంచి పోతుందో తేలకపోతే మొదట తగ్గించేది దాన్నే.

రెండో మార్పు వల లాగే వేళ. రాత్రికి ఒకసారి కాదు, రెండుసార్లు. ఆరింటికి దించితే పదకొండుకల్లా మొదటిసారి లాగాలి. చేప వలలో ఎప్పుడు చచ్చిందో ఎవరూ చెప్పలేరు, కాబట్టి వల దించిన నిమిషమే చచ్చినట్టు లెక్క వేసుకోమన్నాను. ఆరు గంటల గడువులో ఒక గంట చేతిలో ఉంటుంది. రెండోసారి వల మళ్ళీ దించి తెల్లవారుజామున లాగుతారు. ఈ రెండో విడతలో ప్రాణంతో ఉన్న చేపే పెట్టెలోకి, చచ్చి బిగుసుకున్నది గాలం ఎరకి. ఇంటికి కూరకి కూడా వద్దని చెప్పాను. దాన్ని ఎంతవరకు పాటించారో నేను హామీ ఇవ్వలేను.

నిద్ర పాడయ్యే ఈ పనికి ఓనర్లు, కలాసీలు ఎందుకు ఒప్పుకున్నారంటే మహిమహి కోసం కాదు. మొదటి వారంలోనే కోనాం తేడా కనిపించింది. రాత్రంతా వలలో నానకుండా ఐసులోకి వెళ్ళిన కోనాం కళ్ళు నిగనిగలాడుతున్నాయి, కండ గట్టిగా ఉంది, బరంపురం మార్కెట్లో మంచి ధర పలికింది. కోనాంకి ఏమీ కాదు అని నేను మొదట్లో దాన్నే ఆధారంగా పట్టుకున్నాను చూడండి, అదీ అంత నిర్దోషి ఏమీ కాదు. రాత్రంతా చచ్చి వలలో ఉన్నది అదీ, ఐసు దానికి ఐదు గంటలు ముందు అందింది, అంతే.

గుర్తు విషయంలో ఒక చిన్న పాఠం నేర్చుకున్నాను. మొదట చెడ్డ చేప తోకకి గాటు పెట్టమన్నాను. ఒక తెల్లవారుజామున వాన పడింది, గాటు పెట్టడం మర్చిపోయారు, చెడ్డది మంచిదాంట్లో కలిసిపోయింది. ఆ లోడు మేమే ఆపేశాం. తర్వాత తిప్పేశాం: మంచి చేప ఐసులోకి వెళ్ళేటప్పుడు తోకకి పచ్చ నైలాన్ తాడు ముక్క కట్టాలి. మర్చిపోతే మంచి చేపే పోతుంది, నష్టం మనకే గానీ తిన్నవాడికి కాదు.

ఈసారి తొమ్మిది చేపలు పంపాను, అన్నీ వల చేపలే, నేనే ఎంచినవి. తొమ్మిదీ 100 లోపే వచ్చాయి. అప్పటి నుంచి ప్రతి నెలా పంపుతున్నాం. రెండో సీజన్లో ఒక బోటు చేప ఒకసారి పరీక్షలో పోయింది. ఇంజన్ ఆగిపోయి మొదటి లాగుడు ఆలస్యమైందని, అయినా తాడు కట్టేశామని వాళ్ళే ఒప్పుకున్నారు.

పేరు గొడవ

మూడో లోడు వెళ్ళేటప్పుడు బిల్లు మీద కుర్రాడు మహిమహికి ఇంగ్లీషులో ఉన్న ఇంకో పేరు చూసి "డాల్ఫిన్ ఫిష్" అని రాశాడు. దారిలో తనిఖీలో బండి ఆపేశారు. తప్పు వాళ్ళది అనలేను. పక్కనే చిలికా, అక్కడి ఇరావడీ డాల్ఫిన్లంటే ప్రాణం పెట్టే జిల్లాలు ఇవి. డాల్ఫిన్ 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువు. మా బండిలో ఉన్నది పాలిచ్చే జంతువు కాదు, మొప్పలున్న చేప అని డ్రైవర్ ఫోన్లో నా చేత చెప్పించేసరికి గంట గడిచింది, ఐసు కరిగింది. ఇప్పుడు బిల్లు మీద మహిమహి, కింద శాస్త్రీయ నామం, వెనక చేప ఫొటో. ఆ కాగితానికి లామినేషన్ కూడా చేయించారు.

ఒప్పుకోనిది, తేలనిది

ఒక యువ ఓనరు వెదుళ్ళు, తాటాకులు కట్టి లంగరు వేసి తేల్చుదామన్నాడు. దాని నీడకి మహిమహి గుంపుగా చేరుతుందని అతనికీ తెలుసు. నేను వద్దన్నాను. పెట్టెలో చోటు, రాత్రి చేతులు, ఈ మొత్తం పద్ధతి బోటుకి కొద్ది చేపలు వస్తాయనే లెక్క మీద నిలబడింది. ఒకేసారి పెట్టె నిండితే మళ్ళీ టార్పాలిన్ కిందకే. ఇంకోటి, తేలే వాటి కింద చేరేవాటిలో పిల్లలు ఎక్కువ ఉంటాయి. వేగంగా పెరిగే చేప కదా, తరగదు అని అతని వాదన. గుడ్లు పెట్టడానికి ముందు అది పెద్దదవ్వాలి కదా అని నేను. అతను ఒప్పుకోలేదు. బోటు అతనిది.

ఆడవాళ్ళ సంగతి మాత్రం నేను సర్దలేకపోయాను. బుట్టలో వెళ్ళే చవక చేప ఒకటి వాళ్ళ చేతిలోంచి జారిపోయింది. చిన్న సైజువి ఒడ్డు ధరకే వాళ్ళకి ఇవ్వాలని సంఘం రాసుకుంది. కొన్ని రోజులు ఇచ్చారు, వ్యాపారి చిన్నవి కూడా అడిగిన రోజు నుంచి అది కాగితం మీద మిగిలింది. కలాసీల భార్యలకి వాటా డబ్బు ఇంటికి వస్తుంది. కలాసీ ఇల్లు కాని విధవలు, ముసలివాళ్ళు ఉన్నారు, వాళ్ళకి ఏ దారీ లేదు. చేప పూడ్పించినప్పుడు నాతో మాట్లాడటం మానేసినావిడ వాళ్ళలో ఒకరు. "అప్పుడు కూరయ్యేది, ఇప్పుడు బిల్లయిపోనాది" అంది.

పోయిన నెల వెళ్ళినప్పుడు ఆవిడ ఒడ్డున ఒక చిన్న కోనాం బేరం చేస్తోంది. తోక పట్టుకుని పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి తాడేదిరా?" అంది. కోనాంకి తాడు కట్టరమ్మా, అది మహిమహికే అని ఓనరు నవ్వుతూ చెబుతున్నాడు. ఆవిడ చేపని ఇసకలో పెట్టేసి, బుట్ట చంకనేసుకుని పక్క బోటు వైపు నడిచింది.